రెండు వేళ్ళ ఎత్తు

లైబ్రరీ, బైండింగ్ గది
ఫిబ్రవరి 3

ఒరేయ్ నట్టూ,

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరమేమిటని విసుక్కుంటావని తెలుసు. ఫోన్లో నువ్వు అన్నిటికీ "ఊఁ ఊఁ" అంటావు, పెట్టేశాక అన్నీ మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబియ్యాలి. గ్రీజు మరకలు అంటినా నాకేం అభ్యంతరం లేదు.

సంగతి చక్రాల దగ్గరుండే ఆ స్ప్రింగుల గురించి. పోయినసారి వచ్చినప్పుడు నువ్వన్న మాట నా బుర్రలోంచి పోవడం లేదు. "సీటు దించలేమక్కా, దాని కింద పట్టాలున్నాయి. బండినే దించుదాం" అన్నావు చూడు, ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదురా అది. కారు అమ్మినవాడికి తట్టలేదు, నాకోసం చేతి బ్రేకూ చేతి యాక్సిలరేటరూ బిగించిన కంపెనీ వాళ్ళకీ తట్టలేదు. నాకూ తట్టలేదనుకో.

నిన్న మళ్ళీ కొలిచాను. నా చక్రాల కుర్చీ సీటు కన్నా కారు సీటు సరిగ్గా రెండు వేళ్ళ మందం ఎత్తు. దిగేటప్పుడు బాధ లేదు, సీటుకీ కుర్చీకీ మధ్య పలక వేసుకుంటే జారిపోతాను. ఎక్కేటప్పుడే ఆ రెండు వేళ్ళూ కొండ ఎక్కినంత పని. పొద్దున ఇంటి దగ్గర పక్కింటి నర్సు పిన్ని నడుము పట్టుకుని తోస్తుంది. సాయంత్రం ఇక్కడ గేటు తాత సిమెంటు బస్తా ఎత్తినట్టు ఎత్తి పెడతాడు. పాపం మంచివాడే. కానీ పోయిన గురువారం ఆయన టీకి వెళ్ళాడు, వాన మొదలైంది. తలుపు తీసి ఉన్న నా సొంత కారు పక్కన ఇరవై నిమిషాలు తడుస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

బండి దిగేలా పొట్టి స్ప్రింగులు చేసే కంపెనీకి నేనే రాశాను. బండి మోడలూ, ఎంత దిగాలో కొలతా అన్నీ ఇచ్చాను. నాలుగూ కలిపి ఒక సెట్టుగా నా పేరు మీదే నీ షెడ్డుకి పంపుతారు. వచ్చాక నువ్వొచ్చి బండి తీసుకెళ్ళు. ఎన్ని రోజులైనా పట్టనీ. నీ చేత్తో తప్ప వేరే ఎవరి చేతా వేయించనని కంపెనీ వాళ్ళకి కూడా గొప్పగా రాశాను. నా పరువు నిలబెట్టు.

నీ అక్క


షెడ్డు
ఫిబ్రవరి 15

అక్కా,

పార్సిల్ వచ్చింది. పెట్టె మీద నీ పేరు చూసి మా వాళ్ళందరూ నవ్వారు, మీ అక్క రేసింగు మొదలెట్టిందా అని. విప్పి చూశాను. ఎంత ముద్దొస్తున్నాయో చెప్పలేను. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. బల్ల మీద నాలుగూ వరసగా నిలబెట్టి అన్నం కూడా అక్కడే తిన్నాను.

నీకు అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాలి కదా, చెప్తా విను. బండి దించాలంటే కొంతమంది వెధవలు ఉన్న స్ప్రింగునే కట్టర్‌తో ఒక చుట్టు కోసేస్తారు. బండి దిగుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ కోసిన చివర, కింద స్ప్రింగు ఆనే కప్పులో సరిగ్గా కూర్చోదు. చక్రం కాస్త గాల్లోకి లేచిందంటే స్ప్రింగు వదులైపోతుంది, ఎటు తిరుగుతుందో దానికే తెలియదు. అలాంటి బండి నా షెడ్డుకి వస్తే తిట్టి పంపిస్తాను. నీ స్ప్రింగులు అలా కాదు, పొట్టిగానే తయారు చేశారు, గట్టిదనం కూడా లెక్క చూసి పెట్టారు. పైనా కిందా అచ్చు కప్పులో కూర్చుంటాయి. బోల్టులు కూడా చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి, లేకపోతే రబ్బర్లు చిరుగుతాయి. ఇవన్నీ నేను చూసుకుంటా.

వచ్చే ఆదివారం వచ్చి బండి తెచ్చుకుంటాను. నా బండికి కూడా ఇలాంటి సెట్టే చెప్పాను, ఇంకా రాలేదు. మార్చి చివర ఇక్కడ నేలకి దించిన కార్ల ప్రదర్శన ఉంది తెలుసా, జడ్జీలు బండి కింద అద్దాలు పెట్టి మరీ చూస్తారట. ఈసారి ఆ పెయింటర్ పొట్టోడి బండి కన్నా నాది ఒక్క వేలైనా కింద కూర్చోవాలి. మనిద్దరివీ ఒకే మోడలు అయినందుకు ఒక సుఖం, ముందు నీదానిమీద చెయ్యి తిరుగుతుంది.

నిన్ను వాన్లో కూర్చోబెట్టిన ఆ రెండు వేళ్ళ సంగతి నేను తేలుస్తా.

నట్టు


ఇల్లు
మార్చి 9

ఒరేయ్ బంగారు కొండా,

మూడోసారికి ఎక్కాను! మొదటిసారి పలక జారింది. రెండోసారి మోచెయ్యి తలుపుకి కొట్టుకుంది. మూడోసారి పలక మీద చెయ్యి ఆనించి ఒక్క జరుగు జరిగాను, సీట్లో ఉన్నాను. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఎత్తలేదు. కుర్చీ మడిచి నా ఒడి మీంచి పక్క సీట్లోకి లాక్కున్నాను, తలుపు వేసుకున్నాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక హారన్ కొట్టాను. నర్సు పిన్ని ఏదో అయిందని పరిగెత్తుకొచ్చింది. నేను లోపల కూర్చుని నవ్వుతున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇక పొద్దున్నే నాకు ఏం పని చెప్తావే అని అలిగింది.

నీ మీద కోపం మాత్రం ఉంది. బండి ఇంటి ముందు పెట్టి, తాళం ఇక్కడ లైబ్రరీలో గేటు తాతకిచ్చి, నన్ను చూడకుండానే బస్సెక్కావట. షెడ్డులో పనుందని చెప్పమన్నావట. నేను మొదటిసారి ఎక్కడం నువ్వు చూడాలని ఎంత అనుకున్నానో. రెండు అడుగులు లోపలికేసి కనిపిస్తే నీ సొమ్మేం పోయేది?

టార్చి వేసి కుర్చీలోంచి వంగి చూశాను. చక్రం వెనక ఎర్రగా కనబడింది, చూసి మురిసిపోయాను. కాకపోతే ఒక చిన్న సంగతి. లైబ్రరీ గేటులోకి తిరిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర "టక్" అంటోంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడే. కొత్తవి కాబట్టి అనుకుంటున్నాను. నిజమేనా?

మన చిన్నప్పుడు బడికి నా కుర్చీ తోసుకుంటూ వెళ్ళేవాడివి. ఆటకి పిలిస్తే "అక్కని దింపి వస్తా" అనేవాడివి, నువ్వు వెళ్ళేసరికి ఆట అయిపోయేది. ఆ బాకీ నాకు గుర్తుంది. ఇప్పుడు ఈ బండి దించి నన్ను ఎవరి చేతుల్లోనూ లేకుండా చేశావు. ఇంతకన్నా నీకేం చెప్పాలో తెలియడం లేదురా.

నీ అక్క


షెడ్డు
మార్చి 17

అక్కా,

నువ్వు రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. సంతోషం.

ఆ టక్ చప్పుడు ఏం లేదు. స్ప్రింగులు కొత్తలో సర్దుకుంటాయి, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అలాగే ఉంటుంది. నువ్వు వెయ్యి కిలోమీటర్లు తిరగాలంటే ఏడాది పడుతుందిలే. ఇల్లూ లైబ్రరీ, లైబ్రరీ ఇల్లూ, అంతేగా. మెల్లగా పో. గుంతల్లో దింపకు. పెద్ద రోడ్డు ఎక్కే అవసరం నీకెలాగూ లేదు.

ఒక్క మాట మాత్రం విను. అక్కడి మెకానిక్కులు ఎవరికీ బండి చూపించకు. చక్రం విప్పనివ్వకు, జాకీ మీద లేపనివ్వకు. వాళ్ళకి తెలియదు, కెలికి పాడుచేస్తారు. ఏమున్నా నేనొచ్చి చూస్తా, కాస్త తీరిక అవ్వనీ.

ప్రదర్శన దగ్గర పడింది. తిండీ నిద్రా లేవు. బండి మాత్రం అదిరింది.

నట్టు


లైబ్రరీ, బైండింగ్ గది
ఏప్రిల్ 12

ఓయ్ మొదటి బహుమతీ,

నాకు చెప్పకుండా దాచుకుంటావా? మా లైబ్రరీకి కార్ల పత్రిక వస్తుందని మర్చిపోయావు. పేజీ తిప్పితే నువ్వు, చేతిలో కప్పు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నావు. పక్కన నీ బండి నేలకి ముద్దు పెడుతున్నట్టు కూర్చుంది. లైబ్రేరియన్‌కి చూపించాను, గేటు తాతకి చూపించాను, పుస్తకాలు మోసే ఆయనకి చూపించాను. పత్రిక చింపకూడదు కదా, అందుకని దాని ఫొటో తీయించి నా జిగురు డబ్బాల పైన గోడకి అంటించాను.

చక్రంలోంచి ఎర్రటి స్ప్రింగు కనబడుతోంది. నీ సెట్టు కూడా వచ్చిందన్నమాట! అచ్చం నావిలాగే ఉన్నాయి. అక్కా తమ్ముళ్ళ బళ్ళు ఒకటే చెప్పులు వేసుకున్నట్టుంది.

నా బండి చప్పుడు ఎక్కువైంది. ఇప్పుడు తిప్పినప్పుడే కాదు, స్పీడు బ్రేకర్ దిగాక కూడా టక్ మంటోంది. ఒక్కోసారి లోపల ఏదో తీగ లాగి వదిలినట్టు "టంగ్" అని కూడా వినిపిస్తోంది. నువ్వు చెప్పినట్టే ఎవరికీ చూపించలేదు. ఇక్కడ వీధి చివర మంచి మెకానిక్ ఉన్నాడు, అయినా నువ్వు వద్దన్నావని అటు తొంగి కూడా చూడలేదు.

నాకు ఈ నెలాఖర్లో ఒక పని ఉంది. ఏమిటని అడగకు, అయ్యాక చెప్తాను, నువ్వు ఎగిరి గంతేస్తావు. దానికోసం బండి కావాలి. కాబట్టి ఒక్క మాట సూటిగా చెప్పు: ఈ చప్పుడుకి నేను భయపడాలా, అక్కర్లేదా? నువ్వు చూసుకుని చెప్తే ఇక దాని గురించి ఆలోచించను.

నీ అక్క


షెడ్డు
ఏప్రిల్ 18

అక్కా,

అవును, నా సెట్టు కూడా వచ్చింది. అలాంటివే.

భయపడాల్సిందేం లేదు. చప్పుడు అదే తగ్గుతుంది. పనుల ఒత్తిడి, ఇంతకన్నా రాయలేకపోతున్నాను.

నట్టు


ఇల్లు
మే 2

నట్టూ,

జరిగింది జరిగినట్టు రాస్తాను. పూర్తిగా చదువు.

నేను దాచిన పని ఏమిటంటే, మీ ఊరి మ్యూజియంలో పాత మ్యాపులు బాగుచేసే విభాగానికి పెద్దగా ఒకరు కావాలన్నారు. ఇరవై ఏళ్ళుగా ఈ బైండింగ్ గదిలో చేస్తున్న పని చూసి నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. వస్తే నీ షెడ్డుకి నాలుగు వీధుల అవతల ఉండేదాన్ని. నీకు ముందే చెప్తే కారేసుకుని వచ్చి నువ్వే తీసుకెళ్తానంటావు. నాకు నేనే రావాలని ఉంది. నెలన్నరగా ప్రతి ఆదివారం పెద్ద రోడ్డు మీద పొద్దున్నే ఒక్కదాన్నే నడుపుకుంటూ అలవాటు చేసుకున్నాను. రెండు వందల కిలోమీటర్లు నడిపి, ఇంటర్వ్యూ అయ్యాక నీ షెడ్డు ముందు హారన్ కొట్టాలనుకున్నాను.

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన తెల్లవారాక బయల్దేరాను. మీ ఊరు ఇంకా నలభై కిలోమీటర్లు ఉందనగా నది మీద వంతెన వస్తుంది, తెలుసుగా. దాని మొదట్లో రోడ్డు కాస్త ఎత్తు. బండి ముందు భాగం లేచి పడింది. ఇనుము విరిగినంత చప్పుడైంది. స్టీరింగు ఎడమకి లాగేసింది, టైరు పేలింది. చేతి బ్రేకు ఒక్కసారిగా లాగితే పల్టీ కొడుతుందని తెలుసు కాబట్టి కొంచెం కొంచెంగా లాగాను. రెయిలింగు రాసుకుంటూ పోయి ఆగింది. అద్దంలోంచి నీళ్ళు కనబడుతున్నాయి. చాలాసేపు చేతులు స్టీరింగు వదల్లేదు.

వెనక వచ్చిన పాల ట్యాంకరు డ్రైవరు ఆగాడు. చక్రాల వెనక రాళ్ళు పెట్టి, టైర్లు మార్చే ఆవిణ్ణి పిలిపించాడు. బండి ఒరిగిపోయి ఉంది, పలక నిలవదు. అందుకని ఆయన నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. మళ్ళీ ఎత్తించుకున్నాను.

ఆవిడ జాకీ పెట్టి చక్రం లేపింది. లోపల చెయ్యి పెట్టి ఆగిపోయింది. నన్ను దగ్గరికి రమ్మని, స్ప్రింగుని చేత్తో గుండ్రంగా తిప్పి చూపించింది. కుళాయి తిప్పినంత తేలిగ్గా తిరిగింది. కింది కొస కప్పులోంచి బయటికొచ్చి టైరుని కోసేసింది. ఆవిడ గోరుతో గీకితే ఎర్ర రంగు పెచ్చుగా ఊడింది, కింద నల్లగా పాత రంగు ఉంది.

"ఇది కోసిన స్ప్రింగమ్మా. బండితో పాటు వచ్చిందాన్నే కోసి రంగేశారు. ఎవరు చేశారు?" అని అడిగింది.

"మా తమ్ముడు" అన్నాను.

ఆవిడ తలొంచుకుని మిగతా మూడు చక్రాలూ చూసింది. మూడూ అంతే.

ఇంటర్వ్యూ ఒంటిగంటకి అయిపోయింది. ఫోన్ చేసి చెప్పుకున్నాను. మర్యాదగానే మాట్లాడారు, ఉన్నవాళ్ళలో ఒకర్ని తీసుకున్నామన్నారు. అక్కణ్ణుంచి నువ్వు నలభై కిలోమీటర్లే. నీకు ఫోన్ చెయ్యాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ట్యాంకరు డ్రైవరే బండి వెనక్కి పంపే ఏర్పాటు చేశాడు.

ఒక్కటే అడుగుతున్నాను. నా పేరు మీద వచ్చిన ఆ నాలుగు స్ప్రింగులూ ఎక్కడున్నాయి?

అక్క


షెడ్డు
మే 9

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నీళ్ళు నమిలి లాభం లేదు. అవి నా బండికి ఉన్నాయి.

నీకు దెబ్బలు తగల్లేదు కదా? ముందు అది రాయి.

నా సెట్టు రాదని స్ప్రింగుల కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు, ఆ మోడలుకి చెయ్యడం ఆపేశామన్నారు. నీవే ఆఖరి సెట్టట. ప్రదర్శనకి ఇరవై రోజులుంది. నీ పెట్టె బల్ల మీద ఎదురుగా ఉంది. ఒక్క ఇరవై రోజులకే కదా అనుకున్నాను. అయ్యాక తీసి నీదానికి వేద్దామనుకున్నాను, ఒట్టు. నీ బండి అలాగే వెనక్కి పంపితే నువ్వు అడుగుతావు. అందుకని ఉన్నవాటినే కోశాను. చాలా జాగ్రత్తగా కోశానక్కా, చివర్లు సానబెట్టాను, నీ కుర్చీకి సరిగ్గా సరిపోయేలా పదిసార్లు కొలిచాను. ఎత్తు సరిపోయింది కదా? నువ్వే రాశావు కదా మూడోసారికి ఎక్కానని. ఆ ఉత్తరం చదివి నేను షెడ్డు వెనక కూర్చున్నాను, ఎవరికీ మొహం చూపించలేకపోయాను. ఆ రోజు తాళం తాతకిచ్చి పోయింది కూడా అందుకే.

తర్వాత బహుమతి వచ్చింది. రోజూ ఎవరో ఒకరు వచ్చి బండి కింద దూరి చూస్తున్నారు, ఫొటోలు తీస్తున్నారు. ఇవాళ తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూ ఉండిపోయాను. నా బండి కింద అందరూ చూస్తారక్కా, నీ బండి కింద ఎవరు చూస్తారు? పైగా నువ్వు తిరిగేది రెండు కిలోమీటర్లే కదా, అంత నెమ్మదికి కోసిన స్ప్రింగయినా చాలనుకున్నాను. నువ్వు పెద్ద రోడ్డు ఎక్కుతావని కలగన్నానా? ఒక్క మాట చెప్పుంటే ఎలాగైనా ఆపేవాణ్ణి. నువ్వు కూడా దాచావు కదా.

తిట్టు. కానీ రాయడం మానకు.

నట్టు


ఇల్లు
మే 15

నట్టూ,

నాకు దెబ్బలు తగల్లేదు. అడిగావు కాబట్టి చెప్పాను.

నేనూ దాచానంటున్నావు. నిజమే, నిన్ను సంతోషపెడదామని దాచాను. నువ్వు నన్ను చావుకి దగ్గరగా పెట్టి దాచావు. రెండూ ఒకే పళ్ళెంలో వడ్డించకు.

స్ప్రింగులు తీసుకున్నందుకు కాదురా నా కడుపు రగిలేది. "అక్కా, ఈ బహుమతి నాకు కావాలి, నీవి ఇరవై రోజులు వాడుకుంటా" అని ఒక్క ముక్క రాసుంటే ఇచ్చేదాన్ని. ఆ ఇరవై రోజులూ తాత చేత ఎత్తించుకునేదాన్ని, అలవాటేగా. నువ్వు అడగలేదు. అడగకుండా, కోసిన స్ప్రింగు ఏం చేస్తుందో నాకు నువ్వే రాసి, ఆ తర్వాత కట్టర్ పట్టుకున్నావు. ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందుంది. అలాంటి బండి వస్తే తిట్టి పంపిస్తానన్నావు. తెలియక చేసిన తప్పయితే నేనే నీ తల నిమిరేదాన్ని.

ఇంకా ఘోరం, భయపడాలా వద్దా అని సూటిగా అడిగాను. వద్దని రాశావు. ఆ కాగితం చేతి సంచిలో పెట్టుకునే వంతెన ఎక్కాను. నా సొంత చెవులు చెబుతున్నదాన్ని కాదని నీ మాట నమ్మాను. వీధి చివర మెకానిక్‌కి చూపించి ఉంటే రెండు నిమిషాల్లో తేల్చేవాడు. చూపించకని కూడా నువ్వే కట్టడి చేశావు. నాకు తెలిసిన మనుషుల్లో ఇంత ముందుచూపుతో నన్ను మోసం చేసినవాడు ఇంకొకడు లేడు.

ఇక ఆ రెండు కిలోమీటర్లు. నేను ఎంత దూరం పోతానో నువ్వు ముందే కొలిచి పెట్టేశావు. ఇల్లూ లైబ్రరీ, అంతేగా, అని రాశావు. ఊళ్ళో వాళ్ళు అలా అనుకుంటే నవ్వి ఊరుకునేదాన్ని. నా కుర్చీ తోసిన చేతులు కూడా అలాగే అనుకున్నాయని తెలిసి మూడు రోజులు అన్నం సహించలేదు. నేను వెళ్ళలేనిది నా కాళ్ళ వల్ల అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఉద్యోగం మాత్రం నా కాళ్ళ వల్ల పోలేదు.

గోడ మీద నీ ఫొటో తీసేశాను. జిగురు గట్టిది, సగం గోడకే ఉండిపోయింది.

అక్క


షెడ్డు
మే 24

అక్కా,

స్ప్రింగులు విప్పాను. నాలుగూ శుభ్రం చేసి, నీ పేరు మీద వచ్చిన పెట్టెలోనే పెట్టి పంపుతున్నాను. నా బండి జాకీల మీద నిలబెట్టి ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మా అక్కవి తిరిగిచ్చేశానని చెప్పాను, నిజంగానే చెప్పాను. పెయింటర్ పొట్టోడి ముందు కూడా చెప్పాను. కప్పు తిరిగి ఇచ్చేస్తానంటే ప్రదర్శన వాళ్ళు అక్కర్లేదన్నారు.

నేనొచ్చి బిగిస్తాను. ఒక్కసారి రానివ్వు. నీ ఎదురుగా, నువ్వు చూస్తుండగానే ప్రతి బోల్టూ బిగిస్తా. వేరే వాళ్ళ చేత వేయిస్తే మాత్రం చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు అని చెప్పు.

నేనేం రాసినా నీకు అబద్ధంలాగే ఉంటుందని తెలుసు. నువ్వు లేకపోతే నేను లేనక్కా. ఇది మాత్రం నమ్ము.

నట్టు


ఇల్లు
జూన్ 20

స్ప్రింగులు అందాయి. టైర్లు మార్చే ఆవిణ్ణి పిలిపించుకున్నాను. అంత దూరం నుంచి వచ్చి రెండు రోజులుండి బిగించి వెళ్ళింది. ప్రతి చక్రం దగ్గరా నన్ను పిలిచి, చెయ్యి పెట్టించి, తిప్పి చూడమంది. ఒక్కటి కూడా తిరగలేదు. నీకు రమ్మని ఎందుకు రాయలేదని అడగకు, నీ చేతి పని కింద మళ్ళీ కూర్చోలేను.

నిన్న నీ షెడ్డు దాకా వచ్చి నేనెందుకు మాట్లాడకుండా వెళ్ళిపోయానో తెలియక నువ్వు రోడ్డు మధ్యలో నిలబడిపోవడం అద్దంలో చూశాను. అది చెప్పడానికే రాస్తున్నాను.

నేను నిన్ను క్షమించాలనే వచ్చాను. నెల రోజులు నాలో నేనే గింజుకున్నాను. పొద్దున్నే పలక మీంచి జరిగి ఒక్కదాన్నే ఎక్కాను. వంతెన దగ్గర చెమటలు పట్టాయి, అయినా ఆపలేదు. రెండు వందల కిలోమీటర్లు, దారిలో ఒక్కసారే ఆగాను. నీ షెడ్డు ఎదురుగా రోడ్డుకి ఇవతల ఆపి, అద్దం దించి, హారన్ కొట్టాను. నువ్వు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చావు. సన్నబడ్డావు. చూడగానే నా కోపమంతా దిగిపోయింది, నిజం చెప్తున్నాను. తలుపు గడియ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. "ఎలా వచ్చావక్కా?" అంటావు, అనగానే తలుపు తీస్తాను, అంతే అనుకున్నాను.

నువ్వు పరుగున రోడ్డు దాటావు. బండి ముందు చక్రం దగ్గర కూర్చున్నావు. చెయ్యి లోపలికి పెట్టి తడిమావు. లేచి వెనక చక్రం దగ్గరికి వెళ్ళావు. అటుపక్క రెండూ చూశావు. నీ వెనకే షెడ్డులోంచి వచ్చిన ఆయనతో, "చూశావా, ఎంత బాగా కూర్చుందో!" అన్నావు. అద్దం దించే ఉంది కదా, నీ గొంతులో ఆనందం నాకు వినబడింది. అప్పుడు కిటికీ వైపు తిరిగావు. అప్పటికి నేను బండి కదిలించాను.

నువ్వు కావాలని చేశావని అనను. నన్ను చూడకూడదని నీకేం లేదు. నీకు ముందు కనబడింది బండి, అంతే. నువ్వు నా స్ప్రింగులు తీసుకున్న రోజు కూడా ఇలాగే జరిగి ఉంటుందని నాకు నిన్న అర్థమైంది. అది అర్థమయ్యాక ఇక కోపం కూడా రావడం లేదు, అదే నాకు భయంగా ఉంది.

బండి బాగుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎక్కడా చప్పుడు రాలేదు. నువ్వు అడిగేది అదే కదా, చెప్పేశాను.